తెబ్రా దాహం

తెబ్రా ఎక్కువ నీళ్లు తాగే మనిషి అని జెర్బా దీవిలో మా వైపు ఇళ్లన్నింటికీ తెలుసు. అది నిజం కాదు. అందరిలాగే ఆమెకూ పొద్దున ఒక కూజా, సాయంత్రం ఒక కూజా. ఆ పేరు రావడానికి రెండేళ్లు పట్టింది.

మా దీవిలో బావులకు కొదవ లేదు. ఏ పెరట్లో తవ్వినా నీళ్లు పడతాయి. ఉప్పు నీళ్లు. బట్టలు ఉతకడానికి, గాడిదకు, ఒలీవ చెట్లకు, దానిమ్మకు అవి చాలు. మనిషి తాగేది మాజెల్ నీళ్లు. మాజెల్ అంటే వాకిలి కింద గచ్చు చేసి కట్టిన గది. కప్పు మీద పడ్డ వాన తూముల్లోంచి అందులోకి దిగుతుంది. పైన చెక్క మూత, మూతకు తాళం. ఆ ఇంట్లో తాళంచెవి తెబ్రా అత్తగారు మహ్‌బూబా నడుముకు ఉండేది.

మహ్‌బూబా పిసినారి కాదు. ముగ్గురు కొడుకులూ ట్యూనిస్‌లో కిరాణా దుకాణాలు నడుపుతారు. ఏడాదంతా ఇంట్లో అత్తాకోడళ్లు ఇద్దరే. ఆగస్టులో మాత్రం కొడుకులు, మిగతా కోడళ్లు, పిల్లలు కలిసి పద్నాలుగు నోళ్లు దిగుతాయి. ఆ ఒక్క నెల కోసం మహ్‌బూబా పదకొండు నెలలు మాజెల్‌ని కాపలా కాసేది. చిన్నప్పుడు ఒక వేసవిలో మాజెల్ అడుగున బురదను గుడ్డలో వడగట్టి తాగిన మనిషి ఆమె. ఆ సంగతి ఎప్పుడూ చెప్పేది కాదు. మూత తీసినప్పుడల్లా వంగి, లోపలికి చాలాసేపు చూసేది.

తెబ్రాకు కావలసింది ఒక మడికి సరిపడా మంచినీళ్లు.

ఆమె పుట్టింటివాళ్లకు ఒక క్యారెట్ రకం ఉండేది. పాత మైనం రంగు, పొట్టిది, మెడ దగ్గర లావు. వండితే కరిగిపోదు. తల్లి పోయాక తమ్ముడు ఆ పెరడు చదును చేసి బళ్ల షెడ్డు వేశాడు. తల్లి గుడ్డలో కట్టి ఉంచిన విత్తనాలు తెబ్రాకు వచ్చాయి. రెండు గుప్పిళ్లు ఉంటాయి. ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. క్యారెట్ విత్తనం నిలవ ఉండదు, మూడో ఏటికి మొలవడం మానేస్తుంది. అన్నింటికంటే ఇబ్బంది, క్యారెట్‌కు ఉప్పు నీళ్లు పడవు.

ఆమె ముందు అత్తనే అడిగింది.

"అత్తా, మడికి రోజుకో కూజా ఇవ్వరాదూ."

"ఏ నీళ్లు?"

"మాజెల్ నీళ్లే."

"మాజెల్ నీళ్లు నోటికి. మడికి నోరుందా?"

"ఉంది. నేల లోపల ఉంటుంది."

"అయితే వచ్చి అడగమను," అంది మహ్‌బూబా, పప్పులో రాళ్లు ఏరుకుంటూ.

తెబ్రా మళ్లీ అడగలేదు. గాడిద కొట్టం కప్పు ఒకటి ఖాళీగా ఉంది. దాని నీళ్లు ఎవరికీ చెందవు. గెల్లాలా ఊరి కుమ్మరుల దగ్గర నడుం ఎత్తు బానలు నాలుగు కొని గాడిద మీద ఒక్కొక్కటిగా తెచ్చుకుంది. సాసీని పిలిపించింది. మా వైపు ఇళ్ల కప్పులన్నింటికీ ఏటా వానలకు ముందు సున్నం కొట్టేది సాసీయే. అతను కొట్టం కప్పుకు వాలు తీసి, అంచున మట్టి తూము పెట్టి, రెండు పూతలు సున్నం కొట్టాడు. నీళ్లు పట్టే కప్పుకు సున్నం కొట్టాలి. కొట్టని కప్పు నీళ్లు పట్టడమంటే మాకు కడగని గిన్నెలో అన్నం పెట్టడం లాంటిది.

ఆ ఏడు అక్టోబరు రెండో వారంలో మధ్యాహ్నం మబ్బు పట్టింది. తెబ్రా పరుగున వెళ్లి బానలు నాలుగూ బోర్లించింది. మొదటి వాన పట్టకూడదు. మొదటి వానతో కప్పు మొహం కడుక్కుంటుంది అంటారు. మహ్‌బూబా కూడా మాజెల్ తూముకు గుడ్డ కుక్కి, నీళ్లు వాకిట్లోంచి బయటికి పోయేలా చేసి, గుమ్మంలో కూర్చుంది. అరగంట కురిసింది. బోర్లించిన బానల మీద చినుకులు డబడబ మోగాయి. నేల ఒక జానెడు తడిసింది. తెబ్రా మర్నాడు సగం విత్తనాలు చల్లింది.

రెండో వాన జనవరిలో వచ్చింది.

ఆ మధ్యలో మూడు నెలలూ ఆమె ఆకాశాన్ని తిట్టింది, అదీ గొంతులోనే. మొలకలు వచ్చాయి. వాటికి బావి నీళ్లు తప్ప ఇంకేం లేవు. పదిహేను రోజులకు మడి మీద తెల్లటి పొర కట్టింది. ఆకు కొనలు మాడాయి. నవంబరు చివరికి గడ్డి కూడా మిగల్లేదు.

"పట్టి ఉంటే నాలుగు బానలు నిండేవి," అంది తెబ్రా.

"మొదటి వాన ఎవరైనా పడతారా?" అంది మహ్‌బూబా.

"పట్టకపోతే ఏమైంది? కప్పు మొహం కడుక్కుంది. చాలా అందంగా ఉంది కప్పు."

జనవరి వానకు బానలు నిండాయి. నీళ్లు ఉన్నాయి, మడిలో మొక్క లేదు. ఆ నీళ్లతో ఆమె కొత్తిమీర వేసింది. కొత్తిమీర బాగా వచ్చింది. బాగుందని ఎవరైనా అంటే ఒక కట్ట కోసి ఇచ్చి పంపేసేది.

రెండో ఏడు ఆమె నిశ్చయం వేరుగా ఉంది. ఏ వాన వస్తే ఆ వాన పట్టాలి. మిగిలిన విత్తనం ఇక ఆగదు, అంతా చల్లేయాలి. సాసీకి ఆ సెప్టెంబరులో పెళ్లిళ్ల ఇళ్లు ఎక్కువై ఆలస్యం చేశాడు. మూడుసార్లు కబురు పెట్టింది. మూడోసారి కబురుతో పాటు ఒక మాట కూడా పంపింది, అది ఇక్కడ రాయను. అతను ఒక గురువారం వచ్చి పొద్దు వాలేలోపు కొట్టం కప్పు పూర్తి చేసి వెళ్లాడు. శుక్రవారం పొద్దున్నే వాన వచ్చింది.

తెబ్రా బానలు నిలబెట్టే ఉంచింది.

"మురికి నీళ్లు పడుతున్నావు," అంది మహ్‌బూబా గుమ్మంలోంచి.

"మడికి మురికి ఇష్టం అత్తా."

"వినేవాళ్లుంటే చెబుతారు. నాకెందుకు."

నాలుగు బానలూ నిండాయి. నీళ్లు మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. రెండు రోజులకు తెలుపంతా అడుగుకు దిగి, పైన నీళ్లు తేటపడ్డాయి. దోమలు గుడ్లు పెట్టకుండా తెబ్రా మూతులకు గుడ్డ కట్టి, పైన చెక్క పెట్టింది. మడి దున్ని గుడ్డలోని విత్తనమంతా దులిపి చల్లింది. దులిపిన గుడ్డను కూడా ఉతికి ఆరేసింది. వాన తడికే పన్నెండో రోజుకు మొలకలు వచ్చాయి. పలచగా వచ్చాయి కాని వచ్చాయి.

అప్పుడు బాన మూత తీసింది. నీళ్ల మీద మీగడ కట్టినట్టు సన్నటి పెళుసు పొర ఉంది. చేత్తో తీసేసి, కింది తేట నీళ్లు ముంచి, మొక్క మొక్కకు పోసింది. వారం రోజులు పోసింది. అంత జాగ్రత్తగా చంటిబిడ్డకు కూడా ఎవరూ పాలు పట్టి ఉండరు.

ఎనిమిదో రోజుకు మొలకలు పసుపు పచ్చగా తిరిగాయి. పదో రోజుకు పడిపోయాయి.

సాసీ తాను మరిచిపోయిన నిచ్చెన కోసం వచ్చినప్పుడు ఆమె మడి గట్టు మీద కూర్చుని ఉంది. అతను మడిని చూశాడు. బాన దగ్గరికి వెళ్లి వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు.

"ఎప్పుడు పట్టావు చెల్లెమ్మా ఈ నీళ్లు?"

"నువ్వు కొట్టి వెళ్లిన మర్నాడు."

"మొదటి వానా?"

"మొదటి వానే. నువ్వు కూడా మొదలుపెట్టకు అన్నా."

"నేనేం మొదలుపెట్టను. కప్పుతో పాటు మడికి కూడా సున్నం కొట్టావు, అంతే. నాకంటే బాగా కొట్టావు."

తెబ్రా తల ఎత్తింది. "మాజెల్లోకి కూడా సున్నం పోతుంది కదా. ఏటేటా పోతూనే ఉంది. తాగుతూనే ఉన్నాం."

"మాజెల్లో ఇంటెడు నీళ్లకు చిటికెడు సున్నం. అదీ మొదటి వాన వదిలేశాక. నీకు నాలుగు బానలు, పచ్చి సున్నం. అప్పటికింకా ఆరనైనా లేదది. మొదటి వాన ఎందుకు వదిలేస్తామనుకున్నావు?"

"మొహం కడుక్కోవడానికి."

"మరి ఆ మొహానికి రాసింది ఎవరు? నేనేగా."

ఇందులో నవ్వే విషయం ఏదీ తెబ్రాకు కనిపించలేదు. మా అందరికీ ఆ రెండు పనులూ తెలుసు. సున్నం కొట్టడం, మొదటి వాన వదలడం. రెండూ ఒకే పనికి రెండు చేతులని ఎవరూ అనుకోలేదు. అనుకునే అవసరం రాలేదు. ఆమె ఒక చెయ్యి నరికేసి రెండో చేత్తో పనిచేసింది.

సాసీ నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లాక ఆమె నాలుగు బానలనూ ఒక్కొక్కటిగా దొర్లించి దారిలోకి ఒంపేసింది. దారి చాలా దూరం తెల్లబడింది.

"పోయినేడు మాట విన్నాను, పోయింది," అంది ఇంట్లోకి వచ్చి. "ఈ ఏడు వినలేదు, పోయింది. ఇక ఏం చెయ్యాలో చెప్పు అత్తా."

"క్యారెట్లు బజార్లో కొనుక్కోవాలి," అంది మహ్‌బూబా. అందులో వెటకారం లేదు. నిజంగానే సలహా ఇచ్చింది.

మర్నాడు తెబ్రా చచ్చిన మొలకలు పీకడానికి కూర్చుంటే దానిమ్మ చెట్టు కింద, మడి చివర, ఆమె చెంబు అందని మూలన ఏడు మొక్కలు పచ్చగా ఉన్నాయి. అలసిపోయి ఆ మూలకు వెళ్లకుండా రోజూ వెనక్కి వచ్చేసిందన్నమాట. ఏడు. ఇంట్లో ఇక విత్తనం లేదు. లోకంలో ఎక్కడా లేదు. వాటికి మంచినీళ్లు కావాలి, ఆకాశం అద్దంలా ఉంది.

ఆమె తన సాయంత్రపు కూజా తెచ్చి ఆ ఏడింటికి పోసింది. తాను బావి నీళ్లు తాగింది. నాలుగు రోజులు అలా గడిచాయి. ఐదో రోజు కడుపు పట్టుకుని పడుకుంది. మహ్‌బూబా జీలకర్ర కాచి ఇచ్చింది. కూజా మాత్రం పెంచలేదు.

"నీ వంతు నీళ్లు నీ ఇష్టం. తాగుతావో, నేలలో పోస్తావో. మాజెల్ తాళం నా ఇష్టం."

తెబ్రా ఆ జీలకర్ర నీళ్లు తాగుతూ ఏదో ఆలోచించింది.

మర్నాడు మధ్యాహ్నం బయటి తలుపు గొలుసు మోగింది.

"ఎవరది?" అంది మహ్‌బూబా.

"దారిన పోయేదాన్ని. దాహంగా ఉంది. గుక్కెడు నీళ్లు పోయండమ్మా."

మహ్‌బూబా తలుపు తీసింది. కోడలు ముసుగు సవరించుకుని గుమ్మం బయట నిలబడి ఉంది.

"తెబ్రా."

"ఆమె మడి దగ్గర ఉండొచ్చు. నేను దారిన పోయేదాన్ని."

"మతి పోయిందా నీకు?"

"నీళ్లడిగాను. లేవంటే చెప్పండి, ఇంకో ఇంటికి పోతాను."

గుమ్మంలో నీళ్లడిగినవాళ్లకు లేవు అన్న మాట మా దీవిలో ఎవరి నోటా వినలేదు. మాజెల్ అడుగంటిన ఏడు కూడా అనలేదు. మహ్‌బూబా నడుము నుంచి తాళంచెవి తీసుకుంది. లోపలికి వెళ్లి తాళం తీసి, కూజా నింపి తెచ్చింది.

"ఇక్కడే తాగు. నా కళ్లెదుట."

తెబ్రా అక్కడే తాగింది. చుక్క కింద పడకుండా తాగింది. "దేవుడు ఈ ఇల్లు చల్లగా చూడాలి," అని, దారి వెంట పోయేదాన్లాగే పోయి, చుట్టూ తిరిగి వెనక పెరట్లోంచి ఇంట్లోకి వచ్చింది. సాయంత్రం ఆమె ఇంటి కూజా మొత్తం ఏడు మొక్కలకు వెళ్లింది.

రెండో రోజు, మూడో రోజు అంతే జరిగింది. నాలుగో రోజు మహ్‌బూబా గొలుసు మోగకముందే తలుపు తీసుకుని కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"చాలా దూరం."

"మూడు రోజులు ఎవరైనా అతిథే. నాలుగో రోజు నుంచి ఇంటి మనిషి. ఇంటి మనిషికి కూజా లోపల ఉంది." తలుపు మెల్లగా వేసింది. గొలుసు కూడా పెట్టింది.

అది న్యాయమే. తెబ్రా కూడా కాదనలేదు. పక్క మలుపులో ఉన్న గమ్రా ఇంటికి వెళ్లి గొలుసు కొట్టింది.

"వదినా, మీ మాజెల్ గాని ఎండిందా?" అంది గమ్రా.

"లేదు."

"మీ అత్త తిట్టిందా?"

"లేదు. దాహంగా ఉంది."

గమ్రా నీళ్లిచ్చింది. మూడో రోజుకు ఆమెకు విషయం అర్థమై నవ్వు ఆగలేదు. "రేపు కూడా రా వదినా. మా ఇంట్లో రోజులు లెక్క పెట్టం."

"మీరు పెట్టకపోయినా నేను పెడతాను. మూడే," అంది తెబ్రా. నాలుగో రోజు ఆ తర్వాతి ఇంటికి వెళ్లింది.

ఎండలో నడక, దుమ్ము, ప్రతి గుమ్మంలో అవే ప్రశ్నలు. ఒక ఇంట్లో నీళ్లతో పాటు ఖర్జూరాలు పెట్టి జాలిగా చూశారు. ఒక ఇంట్లో ముసలాయన ఆమెను పోల్చుకోలేక నిజంగా దూరం నుంచి వచ్చిందనుకుని రాత్రికి ఉండమన్నాడు. ఆమె తిరిగి వచ్చేటప్పుడు పళ్లు కొరుక్కుంటూ వచ్చేది. ఏడు మొక్కలకు ఒక్కో చెంబు కోసం ఇదంతా. అవి మాత్రం ఏమీ ఎరగనట్టు పెరుగుతున్నాయి.

అలా ఐదు ఇళ్లు అయ్యాయి. ఆరో ఇంటికి చేరేలోపు ఒక పెళ్లిలో గోరింట వేడుకకు పిలుపు వచ్చింది. అక్కడ ఆడవాళ్ల మధ్యలో ఒకావిడ మహ్‌బూబా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అంది: "ఇబ్బందిగా ఉంటే చెప్పండమ్మా, దాచుకోవద్దు. మా గాడిద మీద నాలుగు కుండలు పంపిస్తాం."

తగ్గించిన గొంతు గదంతా వినపడింది.

మహ్‌బూబా ఆ పెళ్లిలో భోజనం చేయలేదు. ఇంటికి వచ్చి నేరుగా మాజెల్ మూత తీసి లోపలికి చూసింది. తెబ్రా గిన్నెలు తోముకుంది. మర్నాడు పొద్దున తెబ్రా కూజా పక్కన ఇంకో కూజా ఉంది.

"నీకు దాహం ఎక్కువ," అంది మహ్‌బూబా. "మీ పుట్టింటివాళ్లంతా అంతే, మీ అమ్మా అంతే. ఇకనుంచి నీకు పూటకు రెండు. ఇంట్లోనే తాగు."

మడి మాట ఎత్తలేదు. అటువైపు చూడనైనా లేదు. ఎవరడిగినా అదే చెప్పింది: మా కోడలికి దాహం ఎక్కువ. ఊళ్లో అదే నిలిచిపోయింది.

జనవరిలో మంచి వాన పడింది. కప్పు సున్నం అప్పటికి ఆరి గట్టిపడింది, నీళ్లు తేటగా వచ్చి బానలు నిండాయి. ఇక రెండో కూజా అవసరం లేదు. వద్దు అంటే ఇన్నాళ్లూ ఆ కూజా మడికి వెళ్లిందని ఒప్పుకున్నట్టవుతుంది. కనుక తెబ్రా తాగింది. మహ్‌బూబా చూస్తుండగా, ఇష్టం లేకపోయినా, కడుపు బరువెక్కేదాకా పూటకు రెండు కూజాలు తాగింది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

ఫిబ్రవరిలో గడ్డలు ఊరాయి. పీకకూడదు. పీకితే పూత ఉండదు, విత్తనం ఉండదు. ఒక శుక్రవారం గోధుమ రవ్వతో కుస్కుస్ వండుతుంటే మహ్‌బూబా గుమ్మడి ముక్కలు కలుపుతూ అంది:

"అన్ని ఇళ్ల నీళ్లు తాగి పెరిగినవి. మా పళ్లెంలోకి ఒక్కటీ రాదన్నమాట."

తెబ్రా చాకు కింద పెట్టి పెరట్లోకి వెళ్లింది. ఏడింటి ముందు నిలబడి ఏది చిన్నదో చూసింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి పీకి, కడిగి, అత్త పళ్లెంలో పడేలా వండింది. మహ్‌బూబా దాన్ని నాలుగు ముక్కలు చేసి, మెల్లగా నమిలి, చివరి ముక్క కూడా తిన్నాక అంది:

"ఉప్పు తక్కువ."

మార్చిలో నత్తలు రెండింటి మొదళ్లు కొరికేశాయి. మే నెలలో నాలుగు మొక్కలు నిలువెత్తు పెరిగి తెల్లటి గొడుగులు విప్పాయి. బానలు అడుగంటాయి. రెండో కూజా మళ్లీ మడికి వెళ్లింది, మహ్‌బూబా మళ్లీ అటు చూడలేదు. జూన్‌లో మూడు రోజులు దక్షిణపు వేడి గాలి వీచి ఒకదాని నడుం విరిచింది. జులై చివర మూడు మొక్కల తలలు కోసి, నీడలో ఆరబెట్టి, అరచేతుల్లో నలిపి చెరిగితే కాఫీ గ్లాసులో సగం విత్తనం వచ్చింది. రెండేళ్ల కిందట ఆమె మొదలుపెట్టింది రెండు గుప్పిళ్లతో.

ఆగస్టులో అందరూ వచ్చారు. తెబ్రా భర్త యహ్యా మంచివాడు. తల్లి ద్వారా, గమ్రా ద్వారా, మసీదు దగ్గర మగవాళ్ల ద్వారా మూడు రకాలుగా కథ విన్నాడు. భోజనాలయ్యాక పెట్టెలోంచి ఒక కాగితం పొట్లం తీసి భార్య ముందు పెట్టాడు.

"ఇంతకోసం వీధులు తిరగాలా? ట్యూనిస్‌లో నా దుకాణం ఎదురుగానే అమ్ముతారు. కావాలంటే ఏడాదికి పది పంపిస్తాను."

పొట్లం మీద బొమ్మ ఉంది. పొడుగ్గా, ఎర్రగా, అన్నీ ఒకే కొలతలో ఉన్న క్యారెట్లు. తెబ్రాకు చదువు రాదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అతనికి ఇచ్చింది.

"ఏం రాసుంది?"

అతను దీపం వైపు జరిగి చదివాడు. "ఎండ తగిలే చోట చల్లాలి. వరుసల మధ్య జానెడు దూరం ఉంచాలి. క్రమం తప్పకుండా నీళ్లు పోయాలి."

"ఏ నీళ్లు?"

యహ్యా పొట్లం వెనక్కి తిప్పాడు. అడుగున చిన్న అక్షరాలు ఉంటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని అవి కూడా చదివాడు.

"అది రాయలేదు," అన్నాడు.